వ్యూహం అంటే స్ట్రాటజీయేనా?

2023 మార్చి చివరి వారం. బెలారస్‌లో టాక్టికల్ అణ్వాయుధాలు ఉంచుతామని రష్యా అధ్యక్షుడు పుతిన్ ప్రకటించిన వార్త ఇంగ్లీషులో వచ్చింది. అప్పట్లో నేను ఒక పత్రికలో రాత్రి డెస్కులో అనువాదం చేసేవాణ్ని. ఎడిషన్ దిగే వేళ కావడంతో అలవాటైన చెయ్యి ‘వ్యూహాత్మక అణ్వాయుధాలు’ అని కొట్టేసింది. పేజీ వెళ్లిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం ఒక పాఠకుడు ఫోన్ చేశారు. రిటైరైన ఫిజిక్స్ మాస్టారు. “బాబూ, నెల కిందట న్యూ స్టార్ట్ ఒప్పందాన్ని రష్యా పక్కన పెట్టినప్పుడు, వ్యూహాత్మక అణ్వాయుధాలకు ఇన్నాళ్లూ ఆ ఒప్పందమే పగ్గం అని మీరే రాశారు. ఇప్పుడు బెలారస్‌కు వెళ్తున్నవి కూడా వ్యూహాత్మక ఆయుధాలే అంటున్నారు. అంటే ఆ పగ్గం తెగినందువల్లే ఇవి కదిలాయనా?” అని అడిగారు.

ఆయన ప్రశ్నలో తప్పు లేదు. తప్పంతా నేను వాడిన మాటలో ఉంది. 2010లో ప్రాగ్‌లో అప్పటి అమెరికా అధ్యక్షుడు ఒబామా, రష్యా అధ్యక్షుడు మెద్వెదేవ్ సంతకాలు చేసిన ఆ ఒప్పందం స్ట్రాటజిక్ ఆయుధాల గురించి. ఖండాలు దాటే క్షిపణులు, జలాంతర్గాముల నుంచి ఎగిరేవి, భారీ బాంబర్లు మోసేవి ఆ కోవలోకి వస్తాయి. ఒక్కో దేశం 1,550కి మించి అలాంటి వార్‌హెడ్లను మోహరించకూడదన్నది అందులోని నియమం. 2026 ఫిబ్రవరిలో దాని గడువు తీరిపోయింది. టాక్టికల్ ఆయుధాలు వేరు. యుద్ధరంగంలో ఎదురుగా ఉన్న సేన మీద, దగ్గర్లోని స్థావరం మీద వాడటానికి చేసినవి అవి. ఆ ఒప్పందం వాటి జోలికే పోలేదు. గీతకు అటొకటి ఇటొకటి ఉన్న రెండింటికీ నేను ఒకే పేరు పెట్టి అచ్చు వేయించాను. మాస్టారు ఆ రెండు వార్తలూ కలిపి చదివి, లేని సంబంధాన్ని చూశారు. జాగ్రత్తగా చదివే ఏ పాఠకుడైనా అదే చేస్తాడు.

ఆ రోజు నుంచి ఈ మాటల వెంట పడ్డాను. స్ట్రాటజీ, టాక్టిక్స్, ప్లాన్, స్కీమ్, గ్యాంబిట్, డెడ్‌లైన్... ఆఫీసుల్లో, టీవీ చర్చల్లో, క్రికెట్ కామెంటరీలో రోజూ నలిగే మాటలే. విడివిడిగా చూస్తే అన్నీ తెలిసినవే అనిపిస్తాయి. ఒకదాని పక్కన ఒకటి పెట్టి ‘దీనికీ దానికీ తేడా ఏమిటి’ అని అడిగితే నోట మాట రాదు.

మొదటి జంటతోనే మొదలుపెడదాం. గ్రీకులో స్ట్రాటోస్ అంటే సేన, ఆగెయిన్ అంటే నడపడం. రెండూ కలిస్తే స్ట్రాటెగోస్, అంటే సేనాని. క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలో ఏథెన్స్ వాళ్లు చాలా పదవులను చీటీ వేసి పంచేవాళ్లు. సేనాని పదవిని మాత్రం చీటీకి వదల్లేదు. ఏటా 10 మందిని ఓటు వేసి ఎన్నుకునేవాళ్లు. పెరిక్లీస్ అన్నేళ్లు ఏథెన్స్‌లో చక్రం తిప్పింది ఈ పదవిలో ఉండే. కత్తి పట్టడం ఒక్కటే అతని పని కాదు. స్పార్టాతో యుద్ధం వస్తే ఖజానా ఎన్నాళ్లు వస్తుంది, పల్లెల్ని వదిలేసి జనాన్ని కోట లోపలికి తెచ్చుకోవాలా, నౌకాబలం మీద ఎంత ఆధారపడాలి అని లెక్క వేయడం కూడా అతని పనే.

టాక్టిక్స్ పుట్టుక వేరు. గ్రీకులో టాస్సెయిన్ అంటే వరసలో పెట్టడం, అమర్చడం. ఎవరు ముందు నిలబడాలి, గుర్రాలు ఏ పక్కన ఉండాలి, బారు ఎంత మందంగా ఉండాలి అన్నది టాక్టిక్స్. వాక్యంలో పదాల అమరికను సింటాక్స్ అంటారు కదా, అందులో ఉన్నదీ ఈ మాటే. దీనికి అచ్చంగా సరిపోయే క్రియ తెలుగులో ఉంది: పన్నడం. వల పన్నుతాం, ఉచ్చు పన్నుతాం. పాత కావ్యాల్లో మొగ్గరం పన్నుతారు. మొగ్గరం అంటే సేనను బారులు తీర్చడం. దానికే సంస్కృతంలో పేరు వ్యూహం.

మెలిక ఇక్కడే ఉంది. మనం స్ట్రాటజీకి పెట్టుకున్న మాట వ్యూహం. దాని అసలు అర్థం మాత్రం సేనను అమర్చే తీరు. క్రౌంచవ్యూహం అంటే కొంగ ఆకారంలో నిలిచిన సేన, మకరవ్యూహం అంటే మొసలి ఆకారంలో నిలిచిన సేన. కౌటిల్యుడి అర్థశాస్త్రం పదో అధికరణంలో దండ, భోగ, మండల, అసంహత వ్యూహాల ముచ్చట వస్తుంది. అక్కడ కూడా రెక్కలు ఎక్కడ, రొమ్ము ఎక్కడ, వెనక దన్ను ఎక్కడ అన్న అమరిక లెక్కలే. అంటే గ్రీకువాడు టాక్టిక్స్ అన్నదాన్నే మన పూర్వులు వ్యూహం అన్నారు. అది ఆధునిక తెలుగులో ఒక మెట్టు పైకెక్కి స్ట్రాటజీ అయి కూర్చుంది. ఆ రాత్రి నా చెయ్యి చేసిన తప్పుకు బీజం ఇందులోనే ఉందని తర్వాత అర్థమైంది. ఒక్క మాటే రెండు మెట్ల మీదా నిలబడి ఉంది.

మాట పైకెక్కడం మన దగ్గరే జరగలేదు. ఇంగ్లీషులోకి ముందు వచ్చింది స్ట్రాటజెమ్, అంటే యుద్ధంలో వేసే మాయ ఎత్తు. 15వ శతాబ్ది చివర్లోనే అది ఉంది. స్ట్రాటజీ చాలా ఆలస్యంగా వచ్చింది. 1771లో జోలీ ద మెజెరోయ్ అనే ఫ్రెంచి సైనికాధికారి, బైజాంటియం చక్రవర్తి లియో రాసిన యుద్ధశాస్త్రాన్ని అనువదిస్తూ ఆ గ్రీకు మాటకు ఫ్రెంచి రూపం ఇచ్చాడు. ఇంగ్లీషువాళ్లు దాన్ని 19వ శతాబ్ది మొదట్లో అందుకున్నారు. అంతకుముందు రాజులు స్ట్రాటజీ లేకుండా యుద్ధం చేశారని కాదు. ఆ ఆలోచనకు వేరే పేరు పెట్టాల్సిన అవసరం వాళ్లకు అప్పటిదాకా రాలేదు. ప్రష్యా సేనాధికారి క్లాజ్‌విట్జ్ చనిపోయాక, ఆయన రాతల్ని భార్య మరీ 1832 నుంచి అచ్చు వేయించింది. ఇప్పటికీ అందరూ ఆధారపడే గీత అందులో ఉంది: పోరులో సేనను వాడే విద్య టాక్టిక్స్, యుద్ధ లక్ష్యం కోసం పోరులను వాడే విద్య స్ట్రాటజీ.

ఈ నిర్వచనం చదివి తలూపడం తేలిక. ఒక సంఘటన మీద పెట్టి చూస్తే గానీ ఒంటబట్టదు. మనందరికీ తెలిసిన 13వ రోజు యుద్ధాన్నే తీసుకుందాం. పద్మవ్యూహం అనగానే అందరికీ అభిమన్యుడు గుర్తొస్తాడు. అతణ్ని చంపడానికే ద్రోణుడు ఆ వ్యూహం పన్నాడని చాలామంది అనుకుంటారు. తిక్కన ద్రోణపర్వాన్ని మొదటి నుంచి చదవండి. ద్రోణుడు సేనాని అయిన రోజే దుర్యోధనుడు ఒక వరం అడుగుతాడు: ధర్మరాజును ప్రాణాలతో పట్టి తెమ్మని. చంపితే అర్జునుడు ఎవరినీ మిగల్చడు. బతికుండగా పట్టుకుంటే మళ్లీ జూదమాడించి మళ్లీ అడవికి పంపవచ్చు. లక్ష్యం అది. ద్రోణుడు చెప్పిన అడ్డంకి ఒక్కటే: పక్కన అర్జునుడు ఉన్నంతసేపూ ఆ పని కాదు. దాంతో సుశర్మ, అతని తమ్ములు చావో రేవో అని ప్రతిజ్ఞ చేసి అర్జునుణ్ని పోరుకు పిలిచి దక్షిణానికి లాక్కుపోతారు. వాళ్లే సంశప్తకులు. పిలిచినవాడికి వెన్ను చూపననే నియమం అర్జునుడిది. అతని బలాన్నే పగ్గం చేసి అతణ్ని దూరంగా కట్టేశారు. ఇదీ స్ట్రాటజీ. గెలవడానికి ఒక పోరును ఇంకోచోట ఖర్చు పెట్టడం.

పద్మవ్యూహం అయితే టాక్టిక్స్. అర్జునుడు లేని మైదానంలో ఆ పూట సేనను ఎలా నిలపాలన్నదానికి జవాబు అది. వ్యూహద్వారం దగ్గర సైంధవుడు భీముడినీ మిగతావాళ్లనూ ఆపేయడం అందులో ఇంకో అమరిక. ఆ అమరికలన్నీ పారాయి. కౌరవులు ఆ పూట గెలిచారు. మరి ధర్మరాజు దొరికాడా? దొరకలేదు. పైగా అర్జునుడు మర్నాటికి సైంధవవధ ప్రతిజ్ఞ చేశాడు. టాక్టిక్స్ గెలిచి స్ట్రాటజీ ఓడటం అంటే ఏమిటో చెప్పడానికి దీనికి మించిన ఉదాహరణ నాకు దొరకలేదు. ఇంగ్లీషులో ఇలాంటిదాన్ని పిర్రిక్ విక్టరీ అంటారు. క్రీస్తుపూర్వం 279లో ఎపిరస్ రాజు పిర్రస్ ఆస్కులం దగ్గర రోమన్లను ఓడించి, ఆ గెలుపులో తన సేననే కరిగించుకున్నాడు.

సేనను అమర్చే దానికి వ్యూహం అని పేరు పెట్టినవాళ్ల దగ్గర దాని పై ఆలోచనకు పేరు లేదా? ఉంది, ఒకటి కాదు. ఉపాయం, నీతి, నయం, మంత్రాంగం. సామ దాన భేద దండాలను మనం చతురోపాయాలు అన్నాం, చతుర్వ్యూహాలు అనలేదు. పొత్తు పెట్టుకోవాలా, పోరాడాలా, ఊరికే కూర్చోవాలా అన్న లెక్క ఉపాయం కిందికి వస్తుంది. ఉపాయం అనగానే ఇప్పుడు మనకు చిన్న చిట్కా గుర్తొస్తుంది. మాట కిందికి జారింది. వ్యూహం పైకెక్కిన రోజుల్లోనే ఉపాయం దిగిపోయినట్టుంది.

తెలుగులో ఈ జంటను తేడా చెడకుండా వాడుతున్నది వామపక్షాలవాళ్లు. వాళ్ల పత్రాల్లో స్ట్రాటజీ ఎప్పుడూ వ్యూహమే, టాక్టిక్స్ ఎప్పుడూ ఎత్తుగడలే. రాజకీయ ఎత్తుగడల పంథా అనేది వాళ్ల తీర్మానాల్లో పారిభాషిక పదం. ఏ విప్లవ దశలో ఉన్నాం, ఎవరు మిత్రులు అన్నది వ్యూహం. ఈ ఎన్నికల్లో ఎవరితో కలవాలి అన్నది ఎత్తుగడ. వాళ్ల రాజకీయాలతో ఏకీభవించినా లేకున్నా ఈ క్రమశిక్షణ మనందరికీ పనికొస్తుంది. మామూలు వాడుకలో ఎత్తుగడకు కాస్త మోసం వాసన అంటుకుంది, నిజమే. పద్యం ఎత్తుగడ బాగుందన్నప్పుడు మాత్రం ఏ మోసమూ లేదు. అక్కడ ఎత్తుగడ అంటే ఎత్తుకున్న తీరు, మొదలు. ఆ మాటను కాస్త కడిగి మళ్లీ వాడుకోవచ్చని నా నమ్మకం.

యుద్ధాల గొడవ లేకుండా కూడా తేడా చెప్పుకోవచ్చు. పల్నాడులో మిర్చి వేసే రైతును తీసుకోండి. గుంటూరు యార్డుకు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు తెచ్చాడు. ఈ రోజు ధరకు అమ్మేయాలా, కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఆగాలా, ఏ కమీషన్ ఏజెంటు దగ్గర దించాలి అన్నవి ఎత్తుగడలు. రేపు ధర మారితే ఇవీ మారతాయి. మొత్తం పొలం మిర్చి మీదే పెట్టకూడదు, సగంలో అపరాలు వేయాలి, నష్టం వచ్చినా కాడెద్దుల్ని అమ్మే పరిస్థితి రాకూడదు అన్నది స్ట్రాటజీ. అది ఎన్నో సీజన్లు నిలబడుతుంది. దాన్ని ఎంచుకున్నప్పుడే మిర్చికి రేటు పలికిన ఏడు వచ్చే పెద్ద లాభాన్ని కొంత వదులుకుంటున్నానని ఆ రైతుకు తెలుసు. ఎవరైనా ‘మా స్ట్రాటజీ ఇది’ అన్నప్పుడు నేను ముందు ఈ వదులుకున్నదేమిటో వెతుకుతాను. వదులుకున్నది ఏదీ లేకపోతే అది కోరికల జాబితా.

ఇంగ్లీషులో కూడా స్ట్రాటజిక్ అన్న విశేషణం బాగా పలచబడింది. కంపెనీ ప్రకటనల్లో అది ‘ముఖ్యమైన’ అన్నంత అర్థానికి వచ్చింది. మన పత్రికల్లో వ్యూహాత్మక మౌనం, వ్యూహాత్మక భేటీ, వ్యూహాత్మక అలక కూడా చూశాను. ఆ మాటకు తన బరువు తనకు ఉన్న చోటు ఒకటి మన రాష్ట్రంలోనే ఉంది. విశాఖపట్నంలో నేల కింద రాతిని తొలిచిన గుహల్లో ముడిచమురు దాస్తారు. 13.3 లక్షల టన్నులు పడుతుంది. వాటిని స్ట్రాటజిక్ నిల్వలు అంటారు. రేపు పెట్రోలు ధర తగ్గించడానికి దాచినవి కావు. సముద్రం మీద చమురు ఓడలు ఆగిపోతే దేశం నడవడానికి దాచినవి. దీన్ని ‘వ్యూహాత్మక నిల్వలు’ అంటే పాఠకుడికి ఏమీ అందదు. ‘ఆపత్కాల నిల్వలు’ అంటే వెంటనే అందుతుంది. విశేషణం దగ్గర మాటకు మాట పెట్టడం మానేసి, అక్కడ జరుగుతున్న పనిని చెప్పాలి.

ప్లాన్ సంగతికి వద్దాం. లాటిన్‌లో ప్లానుస్ అంటే చదునైనది. చదునైన కాగితం మీద కట్టబోయే ఇంటి నేలను గీసినది ప్లాన్. 17వ శతాబ్ది చివర ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు దాని అర్థం అదే. ఆలోచన అనే అర్థం తర్వాత కలిసింది. మన మేస్త్రి ‘ప్లాన్ తెచ్చారా సార్’ అని అడిగినప్పుడు ఆ మాటను దాని తొలి అర్థంలో వాడుతున్నాడు. ప్లాట్ కూడా అంతే. మొదట అది నేల ముక్క. హైదరాబాద్ చుట్టూ వెంచర్లలో అమ్మే ప్లాటు అదే. నేల ముక్క నుంచి నేలను గీసిన పటం, పటం నుంచి కథ అల్లిక, అక్కడి నుంచి కుట్ర. ఇంగ్లీషువాడికి ఒకే మాటలో స్థలం, కథ, కుట్ర మూడూ ఉన్నాయి.

స్కీమ్‌తో మాత్రం జాగ్రత్తగా ఉండాలి. బ్రిటిష్ ఇంగ్లీషులో, దాని వెంట మన ఇంగ్లీషులో, స్కీమ్ అంటే మంచి మాటే. పెన్షన్ స్కీమ్, గవర్నమెంట్ స్కీమ్ అంటాం. అమెరికావాడి చెవికి అదే మాటలో మోసం వినిపిస్తుంది. డాలస్‌లో ఉద్యోగం చేసే మా బంధువుల అబ్బాయి మీటింగులో ‘నా దగ్గర ఒక స్కీమ్ ఉంది’ అని మొదలుపెడితే, వింటున్నవాళ్ల ముఖాలు మారిపోయాయట. విచిత్రం ఏమిటంటే తెలుగు పథకం కూడా సరిగ్గా ఇలాగే రెండు ముఖాలతో ఉంది. సంక్షేమ పథకం పేదవాడికి అన్నం పెడుతుంది. ‘పథకం ప్రకారమే హత్య’ అని క్రైమ్ పేజీలో వస్తుంది. రెండూ ఒకే రోజు పేపర్లో, ఒక్క పాఠకుడూ తికమకపడడు. పక్కనున్న మాటలు చూసుకుంటాయి.

ప్రణాళిక అయితే నాకు అన్నిటికంటే ఇష్టమైన మాట. సంస్కృతంలో దాని మూలార్థం నీటి కాలువ. ఇంగ్లీషువాడికి ఆలోచన కాగితం మీద గీత, మనకు నీళ్లు పారే తోవ. నీటిని ఎక్కడి నుంచి ఎక్కడికి తీసుకెళ్లాలో ముందే తవ్వి పెట్టడం. 1951లో మొదటి పంచవర్ష ప్రణాళిక మొదలైనప్పుడు నదుల మీద ఆనకట్టలకు, కాలువలకు పెద్ద పీట వేశారు. ఆ మాట ఆ పనికి అంతగా అతికింది. ఎన్నికల మానిఫెస్టోకు కూడా మనం ఇదే మాట వాడతాం. అక్కడ మాత్రం మాటకూ పనికీ అంత పొత్తు కుదరదని నా అభిప్రాయం.

చదరంగం నుంచి వచ్చిన మాటల్లో పొరపాట్లు ఎక్కువ. గ్యాంబిట్ ఇటాలియన్ నుంచి వచ్చింది. గాంబా అంటే కాలు. కుస్తీలో కాలు అడ్డం పెట్టి పడేయడం గాంబెట్టో. 1561లో రుయ్ లోపెజ్ అనే స్పెయిన్ మతగురువు తన చదరంగం పుస్తకంలో ఈ మాటను వాడాడు. ఆట మొదట్లోనే ఒక బంటును కావాలని వదిలేసి, దానికి బదులుగా బల్ల మీద మంచి చోటు సంపాదించడం గ్యాంబిట్. ఏదో ఒకటి ఎర వేయకపోతే అది గ్యాంబిట్ కాదు. టీవీల్లో ప్రతి మొదటి అడుగునూ అలా అనేస్తున్నారు. తెలుగులో ‘ఎర వేశాడు’ అంటే చాలు, అర్థం మొత్తం వచ్చేస్తుంది.

చెక్ పారసీ షా నుంచి వచ్చింది, అంటే రాజు. రాజుకు ముప్పుందని హెచ్చరించే కేక అది. బ్యాంకు చెక్కు కూడా అటూ ఇటూ తిరిగి ఆ వంశంలోదే. మన హెడ్డింగుల్లో ‘అక్రమాలకు చెక్’ అంటే అక్రమాలు ముగిసిపోయాయని అర్థం. ఆటలో చెక్ తర్వాత ఆట సాగుతుంది, రాజు తప్పుకుంటాడు. ముగించేది చెక్‌మేట్. మనం ‘కట్టడి’ అనాల్సిన చోట చెక్ రాసి ‘ఆటకట్టు’ అన్న అర్థం తెచ్చుకుంటున్నాం. స్టేల్‌మేట్ దీనికి ఎదురు. ఆటలో అది ముగింపు, గెలుపు ఓటమి లేని డ్రా. మాటల్లో వాడినప్పుడు మాత్రం ఎటూ కదలక సాగుతున్న స్థితి, ప్రతిష్టంభన. ఎత్తుకు పై ఎత్తు, పాచిక పారడం, తురుపు ముక్క... ఆటల నుంచి తెచ్చుకున్న మాటలు మనకూ తక్కువేం లేవు. వాటికి ఇంగ్లీషు పూత వేయనక్కర్లేదు.

యుద్ధం నుంచి ఆఫీసుకు వచ్చిన మాటల్లో ఒకటి నన్ను చాలాకాలం వెంటాడింది. డెడ్‌లైన్. అమెరికా అంతర్యుద్ధంలో, 1864లో, జార్జియాలోని ఆండర్సన్‌విల్ దగ్గర దక్షిణాదివాళ్లు ఒక చెర కట్టారు. చుట్టూ ఎత్తైన దుంగల గోడ. దానికి సుమారు 19 అడుగులు లోపలగా, కర్రలు పాతి వాటి మీద సన్నని చెక్కలు కొట్టిన చిన్న కంచె. పిల్లాడు కూడా దాటగలిగే కంచె. దాన్ని దాటినా, దాని మీదుగా చెయ్యి చాచినా గోడ మీది కాపలావాడు కాల్చేసేవాడు. ఆ కంచె పేరు డెడ్‌లైన్. 14 నెలల్లో దాదాపు 45,000 మంది ఖైదీలు అక్కడ ఉన్నారు. ఆకలితో, రోగాలతో సుమారు 13,000 మంది చచ్చిపోయారు. యుద్ధం అయ్యాక చెర అధికారి హెన్రీ విర్జ్‌ను విచారించి 1865 నవంబరు 10న ఉరి తీశారు. ఆ విచారణ పత్రాల్లో ఈ మాట ఉంది. పత్రికల ఆఫీసుల్లోకి 20వ శతాబ్దంలో వచ్చింది. ‘డెడ్‌లైన్ దాటింది’ అని మేం రోజూ అరుచుకునే మాట వెనక ఆ కర్రల కంచె ఉందని తెలిశాక నేను గడువు అనడం మొదలుపెట్టాను. గడువు గడిచిపోయే కాలం. అందులో తుపాకీ లేదు.

ఫర్‌లోర్న్ హోప్ ఇంకో రకం కథ. అది చూడ్డానికి ‘దిక్కులేని ఆశ’. నిజానికి అది డచ్ మాటను ఇంగ్లీషు చెవి వినుకున్న తీరు. డచ్‌లో వెర్లోరెన్ హూప్ అంటే పోగొట్టుకున్న గుంపు. కోట గోడకు గండి పడగానే ముందుగా దూకే దళం. వాళ్లు తిరిగిరారని పంపేవాళ్లకూ తెలుసు, వెళ్లేవాళ్లకూ తెలుసు. అందులో ఆశ అనే మాటే లేదు. చరిత్ర పుస్తకంలో ఈ మాట కనిపిస్తే అనువాదకుడు ఆశను పక్కన పెట్టి మనుషుల్ని వెతకాలి.

కాంపెయిన్ కూడా అంతే. బయలు అనే అర్థమున్న ఫ్రెంచి మాట అది. చలికాలం శిబిరాల్లో గడిపి, ఎండలు రాగానే సేన బయలులోకి దిగడం కాంపెయిన్. మన దగ్గర వానలు వెలిసి బాటలు ఆరాక, విజయదశమికి దండయాత్ర బయల్దేరేవాళ్లు. ఋతువు వేరు గానీ పని అదే. ఇప్పుడు కాంపెయిన్‌ను మనం ప్రచారం అంటున్నాం. ఎన్నికలకు అది సరిపోతుంది. ‘నెపోలియన్ 1812 రష్యా కాంపెయిన్’ను ‘రష్యా ప్రచారం’ అని రాసిన కాపీ నా బల్ల మీదికే వచ్చింది. దిద్ది దండయాత్ర అని రాశాను.

ప్లాన్లు చెడగొట్టే మాట ఒకటుంది, టేబుల్. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్, అమెరికన్ సేనాధికారులు కూర్చున్నప్పుడు జరిగినది చర్చిల్ తన యుద్ధ జ్ఞాపకాల్లో రాశాడు. అత్యవసరమైన ఒక పత్రాన్ని టేబుల్ చేద్దామన్నారు బ్రిటిష్‌వాళ్లు. అంటే ఇప్పుడే చర్చకు పెడదామని. అమెరికన్లకు టేబుల్ చేయడం అంటే సొరుగులో పడేసి మరిచిపోవడం. ససేమిరా అన్నారు. కోరేది ఒకటేనని తెలియక రెండు పక్షాలూ చాలాసేపు గట్టిగా వాదించుకున్నాయి. మన చట్టసభలది బ్రిటిష్ వాడుక: నివేదికను సభలో టేబుల్ చేశారంటే సభ ముందు పెట్టారని. హైదరాబాద్‌లో ఉండి అమెరికా టీముతో పనిచేసేవాళ్లు ‘లెట్స్ టేబుల్ దిస్’ అని విన్నప్పుడు, ‘ఇప్పుడా, తర్వాతా’ అని అడిగి రాసుకోవడం మంచిది. ప్రిపోన్ కూడా ఇలాంటిదే. మీటింగును అనుకున్న వేళ కంటే ముందుకు జరిపామని చెప్పడానికి ఇంతకంటే తిన్నని మాట లేదు, కానీ భారతదేశం బయట చాలామందికి అది కొత్త. అది తప్పు మాటని నేను అనుకోను. పోస్ట్‌పోన్ ఉన్నప్పుడు ప్రిపోన్ ఎందుకు ఉండకూడదు?

ఆఫీసు గోడల మీద ఒక వాక్యం వేలాడుతుంటుంది: టాక్టిక్స్ లేని స్ట్రాటజీ గెలుపుకు చాలా నెమ్మదైన దారి, స్ట్రాటజీ లేని టాక్టిక్స్ ఓటమికి ముందు రేగే రొద అని. కింద పాతకాలపు చైనా యుద్ధగ్రంథం ‘ఆర్ట్ ఆఫ్ వార్’ రాశాడని చెప్పే సన్‌జు పేరు. ఆ చైనా గ్రంథంలో ఈ వాక్యం లేదు. వాక్యం బాగుంది, పేరు తప్పు. దీనికి బదులు నిజంగా అన్నవి రెండు తలచుకోవచ్చు. ప్రష్యా సేనాధిపతి మోల్ట్కె 1871లో రాసిన వ్యాసంలో, శత్రువు ప్రధాన సేనతో మొదటిసారి తలపడే దాకానే ఏ ప్లానైనా నమ్మకంగా చెప్పగలం అన్నాడు. స్ట్రాటజీ అంటే అప్పటికప్పుడు వేసే ఉపాయాల కూర్పు అన్నాడు. ఉపాయం! మనం జారవిడిచిన మాట ఆయన చేతిలో దొరికింది. రెండోది, 1957 నవంబరులో అప్పటి అమెరికా అధ్యక్షుడు ఐజన్‌హోవర్ చెప్పింది: ప్లాన్లు పనికిరానివి, ప్లాన్ చేయడమే సర్వస్వం. తను సైన్యంలో విన్న మాటగా చెప్పాడాయన. 1944లో మిత్రదేశాల సేనానిగా ఫ్రాన్స్ తీరంలోని నార్మండీ మీద దాడికి జూన్ 5 అని పెట్టుకుని, వాతావరణం బాగాలేదని నిపుణులు చెప్తే ఒక రోజు ఆగి 6న కదిలినవాడు ఆ మాట అంటే దానికో బరువుంది. అన్ని నెలలు అన్ని లెక్కలు వేసి ఉండబట్టే ఆ ఒక్క రోజు మార్పును తట్టుకోగలిగారు.

అసలు ప్లానే లేకుండా దిగితే ఇంగ్లీషులో వింగ్ ఇట్ అంటారు. అది నాటకాల మాట. పాఠం రాని నటుడు తెర పక్కన, సైడ్ వింగ్‌లో నిలబడి గబగబా బట్టీ పట్టి రంగం మీదికి వెళ్లడం. మన పద్యనాటకాల్లో ఆ వింగ్ నుంచే ప్రాంప్టరు అందించేవాడు, కాబట్టి ఈ మాట మనవాళ్లకు చెప్పకుండానే అర్థమవుతుంది.

ఇంకా నా దగ్గర తెగని ముడి ఒకటుంది. స్ట్రాటజీకీ టాక్టిక్స్‌కీ మధ్య ఇంకో మెట్టు ఉందని 1920ల్లో అలెగ్జాండర్ స్వెచిన్ అనే సోవియట్ సేనా పండితుడు చెప్పి, దానికి ఆపరేషనల్ ఆర్ట్ అని పేరు పెట్టాడు. ఆయన్ని 1938లో స్టాలిన్ హయాంలో చంపేశారు, మాట మాత్రం అన్ని సైన్యాలకూ పాకింది. టాక్టిక్స్ వేసే అడుగులన్నీ కలిసి ఒక దూకు అవుతుంది, ఆ దూకు ఎటో స్ట్రాటజీ చూపిస్తుంది అన్నది ఆయన పోలిక. అడుగుకు ఎత్తుగడ ఉంది. దారికి వ్యూహం స్థిరపడిపోయింది, ఇక దాన్ని వెనక్కి లాగలేం. నడుమనున్న ఆ దూకుకు మనం ఆపరేషన్ అనీ, కార్యాచరణ అనీ, సైనిక చర్య అనీ రాస్తున్నాం. మూడూ వేరే పనుల్లో ఉన్న మాటలే. దండయాత్రను మళ్లీ పిలుద్దామా అని ఆలోచిస్తున్నాను.

మాస్టారికి తర్వాత నేనే ఫోన్ చేశాను. టాక్టికల్ ఆయుధాలను ఇకనుంచి ‘యుద్ధరంగ అణ్వాయుధాలు’ అని రాస్తామని, మొదటిసారి వచ్చినప్పుడు పక్కనే ఒక వాక్యంలో తేడా చెప్తామని చెప్పాను. “యుద్ధరంగ... ఆఁ, ఇది బాగుంది. పిల్లలకు చెప్పగలను” అన్నారు. బెలారస్ వార్త ఆ ఏడాది జూన్‌లో మళ్లీ వచ్చింది. అప్పుడు అలాగే రాశాం.